పది అంగుళాల టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ డెస్క్‌టాప్‌ను కంటికీ వేలికీ సరిపడేలా మలచుకోవటం ఎలా?

చిన్నతెర

సభ్యులందరికీ నమస్కారం. నేను వాడుతున్న టచ్‌స్క్రీన్ ల్యాప్‌టాప్ తెర 10.1 అంగుళాలు, 1920 × 1200 పిక్సెళ్లు. మెమరీ 4 జీబీ. మూతను పూర్తిగా వెనక్కి మడిస్తే టాబ్లెట్‌లా చేతిలో పట్టుకోవచ్చు. డెబియన్ అనే లినక్స్ మీద, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌ను ఎక్స్11లో (తెరనూ స్పర్శనూ నడిపే పాత వ్యవస్థ) నడుపుతున్నాను. కూర్చుని రాసుకునేటప్పుడు కీబోర్డు వాడతాను, చదివేటప్పుడు మాత్రం తెరను నిలువుగా తిప్పి వేలితోనే పని కానిస్తాను.

ఇబ్బందులు ఇవి. మామూలు సెట్టింగులతో మెనూలు, విండో మూసే గుర్తులు వేలికి అందనంత చిన్నవిగా ఉన్నాయి. విండో స్కేలింగ్‌ను రెండు రెట్లు చేస్తే అక్షరాలు బాగానే పెరుగుతున్నాయి కానీ, కొన్ని సెట్టింగుల పెట్టెలు తెర కింది అంచు దాటిపోయి, ‘సరే’ అనే బటనే కనిపించటం లేదు. తెరను నిలువుగా తిప్పితే బొమ్మ తిరుగుతోంది, స్పర్శ మాత్రం తిరగటం లేదు. పైన తాకితే పక్కన ఎక్కడో నమోదవుతోంది. తెరమీది కీబోర్డు పైకి వచ్చినప్పుడు నేను టైపు చేస్తున్న పంక్తినే అది కప్పేస్తోంది.

వీలైతే ఎక్స్‌ఎఫ్‌సీఈలోనే ఉండిపోవాలని ఉంది. మారక తప్పదంటే కారణం వివరించగలరు.

వేలికొస

చిన్నతెర గారూ, సెట్టింగులు మార్చటానికి ముందు ఒక లెక్క వేసుకోండి, ఎందుకంటే టచ్‌స్క్రీన్ విషయంలో పిక్సెళ్లలో ఆలోచించినంత కాలం సరైన పరిమాణం దొరకదు. మీ తెరలో అంగుళానికి దాదాపు 224 పిక్సెళ్లు ఉన్నాయి, అంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు మిల్లీమీటరులో తొమ్మిదో వంతు. మామూలు డెస్క్‌టాప్‌లో కనిపించే 24 పిక్సెళ్ల గుర్తు మీ తెర మీద 2.7 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. మౌస్ బాణానికి అది చాలినంత స్థలమే. వేలి కొన మాత్రం తాను తాకబోయేదాన్ని తానే కప్పేస్తుంది కాబట్టి దానికి చాలదు. ఆండ్రాయిడ్ రూపకల్పన సూత్రాలు తాకే గుర్తుకు సూచించే 48 డీపీ (తెర సాంద్రతతో ముడిపడని ప్రమాణం) కొలత భౌతికంగా దాదాపు 9 మిల్లీమీటర్లకు సమానం. మీ తెర మీద అది సుమారు 79 పిక్సెళ్లు.

ఇప్పుడు రెండు రెట్ల స్కేలింగ్ ఎందుకు వికటించిందో చూడండి. రెండు రెట్లు పెంచిన క్షణం మీ తెర ప్రోగ్రాములకు 960 × 600గా కనిపిస్తుంది. ఒకప్పటి నెట్‌బుక్‌ల 1024 × 600 కన్నా అది ఇంకా ఇరుకు. ఇంత తక్కువ ఎత్తును దృష్టిలో పెట్టుకుని సెట్టింగుల పెట్టెలు తయారుచేసేవారు ఇవాళ అరుదు, అందుకే మీ ‘సరే’ బటన్ తెర కిందికి జారిపోతోంది.

నా అభిప్రాయంలో ఇక్కడ రెండు వేరు వేరు అవసరాలున్నాయి: కంటికి అక్షరం ఎంత ఉండాలన్నది ఒకటి, వేలికి చోటు ఎంత ఉండాలన్నది మరొకటి. రెండింటినీ ఒకే స్కేలింగ్ అంకెతో తీర్చాలని చూస్తే తెర ఎత్తు బలైపోతుంది. అక్షరాలను చదవటానికి సరిపడా మాత్రమే పెంచండి. వేలు నిజంగా పడే చోట్లను, అంటే ప్యానెల్ (లాంచర్లు, విండోల గుర్తులు ఉండే పట్టీ), మెనూ, టైటిల్‌బార్ బటన్లు, ఫైళ్ల జాబితా వంటివాటిని విడిగా పెద్దవి చేయండి. వేలు పడనివాటిని తీసేయండి లేదా దాచేయండి. వెడల్పుగా ఉండే మెనూ వరుసకు 9 మిల్లీమీటర్ల ఎత్తు అక్కరలేదు, 6 లేదా 7 ఉన్నా వేలు తప్పదు. నాలుగు పక్కలా వేరే బటన్లు ఉన్న చిన్న చతురస్రాకారపు గుర్తుకు మాత్రం ఆ 9 కావలసిందే.

టెర్మినల్‌ప్రియ

వేలికొస గారు చెప్పిన సూత్రాన్ని ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఎలా అమలు చేయాలో రాస్తాను. ఇందులోని విండో స్కేలింగ్ పూర్ణాంకాల్లోనే (ఒకటి, రెండు రెట్లు) ఉన్నా, పని జరగటానికి అది అడ్డు కాదు.

విండో స్కేలింగ్‌ను తిరిగి ఒకటికి మార్చండి. తరువాత రూపురేఖల సెట్టింగుల్లో ఫాంట్ల విభాగానికి వెళ్లి, కస్టమ్ డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) అన్నచోట 144 ఇవ్వండి. మామూలు విలువ 96 కాబట్టి ఇది ఒకటిన్నర రెట్లు. దీనివల్ల అక్షరాలు పెరుగుతాయి, అక్షరాలతో పాటు బటన్ల ఎత్తూ కొంత పెరుగుతుంది, అయినా ఖాళీలూ అంచులూ రెట్టింపు కావు కాబట్టి పెట్టెలు తెరలో ఇముడుతాయి. టైటిల్‌బార్ బటన్లు మాత్రం అక్షరాలు కావు, బొమ్మలు. డీపీఐ వాటిని కదిలించలేదు. విండో మేనేజర్ సెట్టింగుల్లో డిఫాల్ట్-ఎక్స్‌హెచ్‌డీపీఐ అనే శైలిని ఎంచుకోండి, ఇలాంటి తెరల కోసమే దాన్ని చేర్చారు. అక్కడే విండో మేనేజర్ ట్వీక్స్‌లో, పూర్తిగా విస్తరించిన విండోకు టైటిల్‌బార్ దాచే ఎంపిక ఉంది. చిన్న తెర మీద చాలా విండోలు ఎలాగూ విస్తరించే ఉంటాయి కాబట్టి ఒక పట్టీ ఎత్తు మొత్తం మీకు తిరిగి దక్కుతుంది. అయితే అప్పుడు మూసే బటన్ కూడా మాయమవుతుంది కనుక, ప్యానెల్‌లో విండో బటన్ల మీద నొక్కి మూసే అలవాటు చేసుకోవాలి.

ప్యానెల్‌ను కింద ఉంచకుండా ఎడమ అంచుకు నిలువుగా మార్చి, దాని వెడల్పును 72 నుంచి 80 పిక్సెళ్ల మధ్య పెట్టండి. అడ్డంగా 1920 పిక్సెళ్లున్న తెర నుంచి 80 తీసినా లోటు తెలియదు, 1200 ఎత్తు నుంచి తీస్తే తెలుస్తుంది. 2010 అక్టోబరులో ఉబుంటు నెట్‌బుక్ ఎడిషన్ 10.10తో యూనిటీ మొదట వచ్చినప్పుడు లాంచర్‌ను ఎడమ అంచుకు చేర్చిందీ ఈ ఎత్తు మిగుల్చుకోవటానికే. మీరు నిలువుగా తిప్పి చదువుతారు కనుక, ఆ స్థితిలో వెడల్పు తరగకుండా ప్యానెల్‌కు తెలివిగా దాక్కునే ఎంపిక కూడా ఇవ్వండి.

ఇంకా లోతుకు వెళ్లదలిస్తే, మీ హోమ్ డైరెక్టరీలో జీటీకే 3 (ఎక్స్‌ఎఫ్‌సీఈ ప్రోగ్రాముల మెనూలు, బటన్లు గీసే లైబ్రరీ) కోసం, రూపాన్ని నిర్ణయించే ఒక సీఎస్ఎస్ ఫైలు పెట్టుకోవచ్చు. అందులో మెనూ అంశాలకు పైనా కిందా 14 పిక్సెళ్ల చొప్పున ప్యాడింగ్ ఇస్తే, 144 డీపీఐలోని అక్షరాల ఎత్తుతో కలిపి ఒక్కో వరుస 6 మిల్లీమీటర్లు దాటుతుంది. ఫైల్ మేనేజర్ థునార్‌లో ఒక్క నొక్కుతోనే ఫైళ్లు తెరుచుకునే ఎంపికను తప్పక పెట్టండి. వేలితో రెండుసార్లు నొక్కేటప్పుడు రెండో నొక్కు కొద్దిగా పక్కన పడటం సహజం, దాన్ని డబుల్ క్లిక్‌గా లెక్కించకపోవటంతోనే చాలామంది టచ్ పనిచేయటం లేదనుకుంటారు.

పెంగ్విన్‌నేస్తం

ఇంత శ్రమ ఎందుకన్నది నా ప్రశ్న. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్‌ను వేలాండ్‌లో (ఎక్స్11కు బదులుగా వచ్చిన కొత్త వ్యవస్థ) నడిపితే తెర తిరిగినప్పుడు స్పర్శ దానంతటదే తిరుగుతుంది, కింది అంచు నుంచి వేలితో పైకి లాగితే కీబోర్డు వస్తుంది, మూడు వేళ్లతో పక్కకు జరిపితే వర్క్‌స్పేస్‌లు మారతాయి. ఇవేవీ విడిగా అమర్చుకోనక్కరలేదు. తెరను 150 శాతానికి పెడితే చిన్నతెర గారి ల్యాప్‌టాప్ 1280 × 800గా కనిపిస్తుంది. గ్నోమ్ ప్రోగ్రాముల హెడర్‌బార్ ఆ స్కేలింగ్‌లో దాదాపు 8 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. టైటిల్, బటన్లు, మెనూ అన్నీ ఆ ఒక్క పట్టీలోనే ఉంటాయి కాబట్టి ఎత్తు కూడా ఆదా అవుతుంది.

ఎక్స్11 మీద కొత్తగా కష్టపడటం మంచి పెట్టుబడి కాదని కూడా అనిపిస్తోంది. 2025లో వచ్చిన గ్నోమ్ 49లో ఎక్స్11 సెషన్‌ను అప్రమేయంగా నిలిపివేశారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన కేడీఈ వారి డెస్క్‌టాప్ ప్లాస్మా 6 వేలాండ్‌నే ముందు ఎంపికగా చేసుకుంది. 2024 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో సైతం ప్రయోగాత్మకంగా వేలాండ్ మద్దతు మొదలైంది.

కెర్నల్‌బాట

వేలాండ్ వైపు వెళ్లాలన్న విషయంలో పెంగ్విన్‌నేస్తం గారితో ఏకీభవిస్తాను. అయినా ప్రశ్న అడిగినవారు ఎక్స్11లో ఉన్నారు కాబట్టి, స్పర్శ ఎందుకు తిరగటం లేదో ముందు చెప్పుకుందాం.

ఎక్స్11లో బొమ్మను తిప్పే పని ఎక్స్‌రాండర్‌ది, స్పర్శ సంగతి చూసేది ఎక్స్‌ఇన్‌పుట్. ఈ రెండింటి మధ్య ఎవరో ఒకరు సమాచారం చేరవేస్తే తప్ప, తెర తిరిగిందని టచ్ పరికరానికి తెలియదు. ప్రతి టచ్ పరికరానికీ ‘కోఆర్డినేట్ ట్రాన్స్‌ఫర్మేషన్ మ్యాట్రిక్స్’ అనే గుణం ఉంటుంది, అందులో తొమ్మిది అంకెలుంటాయి. తెరను కుడివైపుకు తిప్పినప్పుడు మొదటి వరుస 0, 1, 0. రెండో వరుస -1, 0, 1. మూడో వరుస 0, 0, 1 కావాలి. చూడటానికి గందరగోళంగా ఉన్నా దీని అర్థం తేలిక: కొత్త అడ్డు స్థానం పాత నిలువు స్థానానికి సమానం, కొత్త నిలువు స్థానం ఒకటిలోంచి పాత అడ్డు స్థానాన్ని తీసేస్తే వచ్చేది. ఎడమకు తిప్పితే 0, -1, 1; 1, 0, 0; 0, 0, 1. తలకిందులు చేస్తే -1, 0, 1. 0, -1, 1. 0, 0, 1.

చేత్తో ప్రతిసారీ ఈ అంకెలు ఇవ్వటం కుదరదు కనుక, ఐఐఓ సెన్సర్ ప్రాక్సీ అనే సేవను పెట్టుకోండి. ఇది యంత్రం ఒరుగును గుర్తించే యాక్సెలరోమీటర్ నుంచి దిశను చదివి, డీబస్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మార్గం) ద్వారా చెబుతుంది. మానిటర్ సెన్సర్ అనే ఆదేశాన్ని నడిపి ల్యాప్‌టాప్‌ను చేతిలో తిప్పి చూస్తే, దిశ మారినప్పుడల్లా ఒక్కో పంక్తి వస్తుంది. ఆ పంక్తిని చదివి, బొమ్మనూ మ్యాట్రిక్స్‌నూ వెంట వెంటనే మార్చే చిన్న షెల్ స్క్రిప్టును లాగిన్‌తో పాటు మొదలయ్యేలా పెట్టుకుంటే చాలు. పెన్నుతో పనిచేసే తెర అయితే పెన్ను వేరే పరికరంగా నమోదవుతుంది, దానికీ మ్యాట్రిక్స్ ఇవ్వాలి.

మీరు చెప్పని ఇంకొక సంగతి కూడా పరీక్షించండి. మూతను వెనక్కి మడిచినప్పుడు కీబోర్డు వెనక పక్కకు వెళ్తుంది, పట్టుకున్న వేళ్లు దాని మీదే పడతాయి. టాబ్లెట్ మోడ్ స్విచ్ మారిందని కెర్నల్ (లినక్స్ మూలభాగం) చెబితే, కీబోర్డు, టచ్ వంటి పరికరాలను చూసుకునే లిబ్‌ఇన్‌పుట్ ఆ కీబోర్డును నిలిపేస్తుంది. లిబ్‌ఇన్‌పుట్ డీబగ్ ఈవెంట్స్ ఆదేశం నడుపుతూ మూత మడిచి చూడండి. స్విచ్ మారినట్టు ఒక పంక్తి రావాలి. రాకపోతే మీ యంత్రానికి సంబంధించిన డ్రైవరు ఆ సమాచారాన్ని అందించటం లేదని అర్థం. అప్పుడు తెరను తిప్పే స్క్రిప్టులోనే కీబోర్డును నిలిపే ఆదేశాన్ని కూడా చేర్చుకోవచ్చు.

చిన్నతెర

అందరికీ కృతజ్ఞతలు. 144 డీపీఐ, ఎక్స్‌హెచ్‌డీపీఐ శైలి, ఎడమ అంచున 76 పిక్సెళ్ల ప్యానెల్ పెట్టాను. పెట్టెలన్నీ తెరలో ఇమిడిపోయాయి, ‘సరే’ బటన్ కనిపిస్తోంది. మ్యాట్రిక్స్ అంకెలతో స్పర్శ కూడా సరిగ్గా తిరుగుతోంది. మూత మడిచినప్పుడు టాబ్లెట్ మోడ్ పంక్తి వస్తోంది, కీబోర్డు ఆగుతోంది.

ఫైర్‌ఫాక్స్‌లో మాత్రం పేజీని వేలితో పైకి తోస్తే అది కదలటం లేదు, వేలు వెళ్లిన దారిలో అక్షరాలు ఎంపికైపోతున్నాయి. చదవటానికే కొన్న యంత్రం కాబట్టి ఇది అన్నిటికన్నా బాధిస్తోంది.

టెర్మినల్‌ప్రియ

ఎక్స్11లో వేలి మొదటి స్పర్శను మౌస్ నొక్కుగా అనుకరించి, టచ్ గురించి తెలియని ప్రోగ్రాములకు అందిస్తారు. ఫైర్‌ఫాక్స్ అక్కడ చూస్తున్నది మౌస్ లాగుడునే. మోజ్-యూజ్-ఎక్స్‌ఇన్‌పుట్2 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఒకటి విలువ ఇచ్చి (పదాల మధ్య అండర్‌స్కోర్లు, అన్నీ పెద్ద అక్షరాలు), లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కండి. పేజీ వేలి వెంట నడుస్తుంది, రెండు వేళ్లతో జూమ్ కూడా అవుతుంది. వేలాండ్‌లో ఈ అవసరం లేదు. 2023 డిసెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 121 నుంచి వేలాండ్ డెస్క్‌టాప్‌లో అది నేరుగా వేలాండ్‌నే వాడుతోంది.

ఫైర్‌ఫాక్స్‌లోనే టూల్‌బార్‌ను మలచుకునే పేజీలో సాంద్రత అనే ఎంపిక ఉంది, దాన్ని టచ్‌కు మార్చండి. ట్యాబులు, చిరునామా పట్టీ వేలికి సరిపడా పెరుగుతాయి, పేజీలోని అక్షరాలు పెరగవు. కంటిదీ వేలిదీ విడదీయాలని వేలికొస గారు చెప్పిన మాటకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ నాకు కనిపించలేదు.

ప్లాస్మాపక్షం

గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈల మధ్యే చర్చ తిరుగుతోంది కాబట్టి ప్లాస్మా గురించి కూడా చెప్పాలి. 2022 జూన్‌లో వచ్చిన ప్లాస్మా 5.25లో టచ్ మోడ్‌ను ఎప్పుడు పెట్టాలో మనమే నిర్ణయించుకునే ఎంపిక వచ్చింది: ఎప్పుడూ, అవసరమైనప్పుడు దానంతటదే, ఎన్నటికీ వద్దు అన్నవి మూడు. మూత మడవగానే ప్యానెల్‌లోని గుర్తుల మధ్య దూరం పెరుగుతుంది, తిరిగి తెరిస్తే తగ్గుతుంది. ఒకే యంత్రం కొంతసేపు ల్యాప్‌టాప్, కొంతసేపు టాబ్లెట్ అయినప్పుడు ఇలా మారే గుణమే అసలు కావలసింది. ఎప్పుడూ పెద్దవిగా ఉండే గుర్తులు కీబోర్డుతో పనిచేసేటప్పుడు చోటు వృథా చేస్తాయి. తెర తిప్పటాన్ని కూడా టాబ్లెట్ మోడ్‌లో ఉన్నప్పుడే జరిగేలా సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. ఒళ్లో పెట్టుకుని రాసేవారికి ఇది చాలా హాయి, లేకపోతే కాస్త ఒరిగినా తెర తిరిగిపోతుంది.

తెరమీది కీబోర్డు కోసం మాలిట్ పెట్టుకుని, సిస్టమ్ సెట్టింగుల్లో వర్చువల్ కీబోర్డు అన్నచోట దాన్ని ఎంచుకోవాలి. తెర అంచుల నుంచి వేలితో లోపలికి లాగితే ఏం జరగాలో కూడా అంచు అంచుకూ విడిగా నిర్ణయించుకోవచ్చు. ఎడమ అంచుకు విండోల జాబితా, కింది అంచుకు డెస్క్‌టాప్ చూపటం ఇచ్చుకుంటే ప్యానెల్‌ను పూర్తిగా దాచేసినా పని ఆగదు.

పెంగ్విన్‌నేస్తం

ప్లాస్మాలో ఎంపికలు ఎక్కువన్నది నిజమే. కానీ ప్రతి ఎంపికా ఒక పెట్టెలో మూడు అంచెల లోపల ఉంటే, వాటిని వెతికి పెట్టుకునేసరికే చిన్న తెర మీద ఓపిక అయిపోతుంది. గ్నోమ్‌లో లేనిదాన్ని ఎక్స్‌టెన్షన్‌తో తెచ్చుకోవచ్చు: టైటిల్‌బార్ దాచేవి ఉన్నాయి, కీబోర్డుకు అదనపు వరుసలు చేర్చేవి ఉన్నాయి.

వేలికొస

ఎక్స్‌టెన్షన్ల మీద ఒక డెస్క్‌టాప్‌ను నిలబెట్టవద్దని నా సలహా. 2023లో వచ్చిన గ్నోమ్ 45 జావాస్క్రిప్ట్ మాడ్యూళ్లను దిగుమతి చేసుకునే పద్ధతిని మార్చటంతో, అప్పటివరకూ ఉన్న ఎక్స్‌టెన్షన్లన్నిటినీ వాటి రచయితలు తిరిగి సవరించాల్సి వచ్చింది. సరదాగా పెట్టుకున్న రంగుల ఎక్స్‌టెన్షన్ ఆగిపోతే నష్టం లేదు, టాబ్లెట్‌గా పట్టుకున్నప్పుడు మీకున్న ఒకే ఒక్క కీబోర్డు ఆగిపోతే ఇబ్బంది. గ్నోమ్ వాడదలిస్తే దానిలో ఉన్న కీబోర్డుతోనే సర్దుకోగలరా లేదా అన్నది ముందు తేల్చుకోండి. ప్లాస్మాపక్షం గారు చెప్పిన మోడ్ మార్పు విషయం మాత్రం నాకు బలమైన వాదనగా తోస్తోంది.

చిన్నతెర గారి నాలుగో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ఎక్స్11లో ఆన్‌బోర్డ్ అనే కీబోర్డు వాడుతున్నట్లయితే, దాని విండో సెట్టింగుల్లో తెర అంచుకు అతికించే ఎంపికను, దాని పక్కనే పని స్థలాన్ని కుదించే ఎంపికను రెండూ పెట్టండి. మొదటిది ఒక్కటే పెడితే కీబోర్డు కింద కూర్చుంటుంది కానీ విండో దాని వెనకే ఉండిపోతుంది. రెండోది కూడా పెడితే విస్తరించిన విండో కీబోర్డు పైఅంచు వరకు కుదించుకుంటుంది, మీరు రాస్తున్న పంక్తి పైకి జరిగి కనిపిస్తుంది. అలాగే ఆన్‌బోర్డ్‌లో కుడి క్లిక్, డబుల్ క్లిక్ చేసే బటన్లున్నాయి. ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నా మెనూ రాని పాత ప్రోగ్రాముల్లో అవే దిక్కు.

అక్షరసాధన

తెలుగు చదివేవారు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆంగ్ల అక్షరాలు స్పష్టంగా కనిపించే పరిమాణంలోనే తెలుగు ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, ఎందుకంటే గుణింతం పైనా ఒత్తు కిందా చేరి, ఒకే పంక్తి ఎత్తులో మూడు అంచెలు ఇమడాలి. కాబట్టి డీపీఐ నిర్ణయించేటప్పుడు ఆంగ్ల మెనూ చూసి కాకుండా, ‘రాష్ట్ర’, ‘వస్త్ర’ వంటి మాటలున్న పేజీ తెరిచి, ఒత్తు కింద ఒత్తు విడిగా తెలుస్తోందో లేదో చూసి నిర్ణయించండి. నోటో సాన్స్ తెలుగు ఫాంటుతో 144 నాకు సరిపోయింది, నిలువుగా పట్టుకుని దూరం నుంచి చదివేటప్పుడు మాత్రం బ్రౌజరులో జూమ్ పెంచుకుంటాను. సీఎస్ఎస్ ఫైలులో వరుసల ఎత్తును మరీ తగ్గించినవారికి మెనూల్లోని తెలుగు మాటల కింది ఒత్తులు తెగిపోయే ప్రమాదం ఉంది, ఆ జాగ్రత్త కూడా అవసరం.

నిలువుతెర

నా ప్రశ్న కూడా దీనికి దగ్గరదే కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నా యంత్రం 8 అంగుళాలది. డెస్క్‌టాప్ వచ్చాక అంతా బాగానే ఉంటుంది కానీ, బూట్ అయ్యేటప్పుడు అక్షరాలన్నీ పక్కకు పడుకుని కనిపిస్తాయి. ఇది తెర ప్యానెల్ లోపమా?

కెర్నల్‌బాట

లోపం కాదు. చాలా చిన్న ల్యాప్‌టాప్‌లలో టాబ్లెట్ల కోసం తయారైన నిలువు ప్యానెల్‌ను అడ్డంగా బిగిస్తారు; దాని సహజ దిశలో అది 1200 × 1920. ఇలాంటి యంత్రాల పట్టిక ఒకటి కెర్నల్‌లోనే ఉంది, అందులో మీ యంత్రం ఉంటే అన్నీ సరిగ్గా వస్తాయి. లేకపోతే బూట్ పంక్తిలో వీడియో పరామితికి మీ ప్యానెల్ పేరు, దాని పక్కన ప్యానెల్ ఓరియంటేషన్ కుడివైపు పైకి అనే విలువ ఇస్తే, టెక్స్ట్ కన్సోల్, వేలాండ్ డెస్క్‌టాప్ రెండూ ఆ సమాచారాన్ని వాడుకుంటాయి. కన్సోల్‌ను మాత్రమే తిప్పాలంటే ఎఫ్‌బీకాన్ రొటేట్ పరామితికి 1 విలువ చాలు. ఇవి కెర్నల్ మొదలయ్యాకే అమలవుతాయి కనుక అంతకుముందే వచ్చే గ్రబ్ మెనూ (ఏ వ్యవస్థను బూట్ చేయాలో అడిగేది) అలాగే పక్కకు ఉంటుంది.

నిలువుతెర

ప్యానెల్ ఓరియంటేషన్ విలువ పనిచేసింది, ధన్యవాదాలు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశాను, నా యంత్రం కీబోర్డు ఊడదీయగలిగే రకం. కీబోర్డు లేకుండా బూట్ చేస్తే పాస్‌వర్డ్ ఇచ్చే దారి ఉందా?

కెర్నల్‌బాట

ఆ దశలో డెస్క్‌టాప్ ఇంకా మొదలు కాదు కనుక ఆన్‌బోర్డ్, మాలిట్ వంటివి ఏవీ రావు. ఫోన్ల కోసం లినక్స్ తయారుచేసే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ బృందం అన్‌లాకర్ అనే చిన్న ప్రోగ్రామును రూపొందించింది. అది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ దశలోనే (డిస్కు తెరుచుకోకముందు నడిచే బూట్ తొలి దశ) తెర మీద కీబోర్డు చూపి పాస్‌వర్డ్ తీసుకుంటుంది. మామూలు డిస్ట్రోలో దాన్ని అమర్చటానికి కొంత పని ఉంటుంది. మీరు రోజుకు ఒకసారి బూట్ చేసి మిగతా సమయమంతా నిద్రాణ స్థితిలో ఉంచేవారైతే, బూట్ వేళ కీబోర్డు తగిలించుకోవటమే మేలని నా ఉద్దేశం.

చిన్నతెర

ఫైర్‌ఫాక్స్ ఇప్పుడు వేలి వెంట నడుస్తోంది. ఆన్‌బోర్డ్‌లో రెండు ఎంపికలూ పెట్టాక రాసే పంక్తి దాక్కోవటం లేదు. అక్షరసాధన గారు చెప్పినట్టు ‘రాష్ట్ర’ పరీక్ష చేసి డీపీఐని 150కి పెంచాను; పెట్టెలు ఇప్పటికీ ఇముడుతున్నాయి.

ప్లాస్మాను కూడా లైవ్ యూఎస్‌బీ మీద నడిపి చూశాను. మూత మడవగానే ప్యానెల్ సర్దుకోవటం నిజంగా ఆకట్టుకుంది, వేలాండ్‌లో పక్కకు జరిపే సైగలూ నునుపుగా ఉన్నాయి. అయినా ఇప్పటికి ఎక్స్‌ఎఫ్‌సీఈలోనే ఉంటాను, ఎందుకంటే నేను వాడే ప్రోగ్రాములు నాలుగైదే, అవన్నీ వేలికి అందేలా తయారయ్యాయి. 4 జీబీలో బ్రౌజరుకు మిగిలే చోటు కూడా నాకు ముఖ్యమే.

ఇక మిగిలింది ఒక్కటే. నోట్సు రాసుకునే ఒక ఎలక్ట్రాన్ ప్రోగ్రాములో రాసే చోట తాకినా కీబోర్డు దానంతటది రావటం లేదు. మిగతా అన్నిటిలో వస్తోంది.

వేలికొస

ఆన్‌బోర్డ్ దానంతటది రావటానికి, రాసే చోటు తెరుచుకుందన్న సంగతి యాక్సెసిబిలిటీ మార్గం ద్వారా దానికి తెలియాలి. క్రోమియం, దాని మీద కట్టిన ఎలక్ట్రాన్ ప్రోగ్రాములు వనరులు ఆదా చేయటం కోసం అవసరం పడితే తప్ప ఆ సమాచారాన్ని బయటికి ఇవ్వవు. ప్రోగ్రామును ఫోర్స్-రెండరర్-యాక్సెసిబిలిటీ అనే ఫ్లాగుతో మొదలుపెడితే ఇస్తాయి. మెనూలోని లాంచర్‌లో ఆదేశం చివర ఆ ఫ్లాగును చేర్చితే సరిపోతుంది.

టెర్మినల్‌ప్రియ

ఆ ఫ్లాగుతో ప్రోగ్రాము కాస్త బరువెక్కుతుంది, మీ మెమరీకి అది భారమనిపిస్తే వేరే దారి ఉంది. ఆన్‌బోర్డ్ సెట్టింగుల్లో, కీబోర్డు దాగి ఉన్నప్పుడు తేలే గుర్తు చూపే ఎంపిక పెట్టండి. దాన్ని 80 పిక్సెళ్లకు తగ్గకుండా సాగదీసి, నిలువుగా పట్టుకున్నప్పుడు మీ బొటనవేలు ఏ మూలకు సహజంగా చేరుతుందో అక్కడికి జరపండి. అడ్డంగా ఉన్నప్పుడు, నిలువుగా ఉన్నప్పుడు ఆ గుర్తు చోటును ఆన్‌బోర్డ్ విడివిడిగా గుర్తుంచుకుంటుంది కాబట్టి రెండు దిశల్లోనూ ఒక్కొక్కసారి సరిచేసుకోవాలి.